అయిదు బాక్సులు, ఒక గాంధారం: బ్లూస్ గిటార్ సోలో అభ్యాసంపై సమీక్ష

బ్లూస్ గిటార్‌లో సోలో అంటే పాటకు ఆధారమైన కార్డుల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) వరుస నడుస్తుండగా దాని మీద అప్పటికప్పుడు చేసే స్వరకల్పన. దానిని నేర్చుకోదలచిన విద్యార్థికి గురువైనా, పుస్తకమైనా, వీడియో పాఠమైనా మొదట చేతిలో పెట్టేది మైనర్ పెంటటానిక్ స్కేల్‌కు చెందిన మొదటి బాక్స్ ప్యాటర్నే. గిటార్ మెడ మీద నాలుగైదు ఫ్రెట్ల (మెట్ల) వెడల్పులో, తీగకు రెండేసి చొప్పున, ఆరు తీగల మీద వేళ్లు పడవలసిన పన్నెండు చోట్లను చూపే పటాన్నే బాక్స్ అంటారు. ఇటువంటి పటాలు అయిదు ఉన్నాయి. వాటిని పక్కపక్కన చేర్చితే మెడ పొడవునా ఆ స్కేల్ స్వరాలు దొరికే ప్రతి చోటూ తెలిసిపోతుంది. అయిదింటినీ తడుముకోకుండా వాయించగలిగినా బ్లూస్ పలకని విద్యార్థులు ఉండడం, ఒక్క బాక్సులో సగం మేరనే వాడుకుని శ్రోతలను కట్టిపడేసిన విద్వాంసులూ ఉండడం వల్ల, ఈ పటాల అభ్యాసం సోలో విద్యకు ఎంతవరకు పనికివస్తుంది, ఏ వరుసలో పనికివస్తుంది అన్న ప్రశ్న ఇప్పటికీ తెగలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నపై ఉన్న వాదాలను పరిశీలిస్తూ, బాక్స్ పటం నాలుగు స్వరాల విషయంలో చాలావరకు నమ్మదగినదే గాని మిగిలిన ఒక్క స్వరమైన గాంధారం విషయంలో సగమే చెబుతుందని, అభ్యాసంలోని చిక్కుల్లో పెద్ద భాగం ఆ చెప్పని సగం నుంచే పుడుతుందని నిరూపించడానికి ప్రయత్నిస్తుంది.

సంగీతంతో పరిచయమున్న తెలుగు పాఠకులకు ఈ స్కేల్ కొత్తది కాదు. ‘ఎ’ స్వరాన్ని షడ్జంగా తీసుకుంటే ఎ మైనర్ పెంటటానిక్‌లో ఎ, సి, డి, ఇ, జి అనే అయిదు స్వరాలు వస్తాయి. అవి వరుసగా షడ్జం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. రిషభ ధైవతాలు వర్జ్యమైన ఈ ఔడవ స్వరసంపుటి కర్ణాటక సంగీతంలో శుద్ధ ధన్యాసి రాగానిది. అన్నమాచార్యుల ‘భావములోన బాహ్యమునందును’ కీర్తనను ఈనాడు విరివిగా పాడే బాణీ ఆ రాగంలోదే. అలాగే మేజర్ పెంటటానిక్ స్వరాలు మోహన రాగ స్వరాలు. స్వరాలు ఒకటైనంత మాత్రాన రాగమూ బ్లూసూ ఒకటి కావన్నది చెప్పనక్కరలేదు గాని, స్వరస్థానాలకు తెలుగులో స్థిరపడిన ఈ పేర్లు ఉండడం వల్ల, తరువాత రాబోయే చర్చ అంకెలతో చెప్పినదానికంటే తేలికగా అర్థమవుతుంది.

పటం చరిత్ర బ్లూస్ చరిత్ర కంటే చాలా చిన్నది. మిసిసిపీ డెల్టా ప్రాంతంలో ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో వాయించినవారిలో అనేకులు తీగలను ఏదో ఒక మేజర్ కార్డు పలికేలా శ్రుతి చేసుకుని, సీసా మెడనో కత్తినో తీగ మీద జార్చే స్లైడ్ పద్ధతిని అనుసరించారు. తీగ పొడవునా జారే చేతికి ఫ్రెట్ల హద్దే లేనప్పుడు నాలుగు ఫ్రెట్ల చట్రం అనే ఆలోచనకు చోటు లేదు. ఒక్కొక్క తీగ మీద స్వరాలను ఏరి సోలో వాయించే రీతిని 1920లలో లానీ జాన్సన్ రికార్డుల ద్వారా ప్రచారంలోకి తెచ్చాడు. ఎలక్ట్రిక్ గిటార్ వచ్చిన తరువాత టీ-బోన్ వాకర్ ఆ రీతికి నిలకడైన రూపమిచ్చాడు. 1947 నాటి ఆయన ‘కాల్ ఇట్ స్టార్మీ మండే’ ఆ తరువాతి తరానికి పాఠ్యగ్రంథం వంటిదయింది. బి.బి. కింగ్, ఆల్బర్ట్ కింగ్, ఫ్రెడ్డీ కింగ్ ఆ దారిలో నడిచారు. వారి రికార్డులను విని 1960లలో ఎరిక్ క్లాప్టన్ వంటి బ్రిటిష్ యువకులు నేర్చుకున్నారు. ఈ పరంపర అంతటిలో విద్య చెవి నుంచి చేతికి దిగిందే తప్ప, కాగితం మీది చుక్కల నుంచి కాదు. బాక్స్ పటాలు ఈ వాదకులు వేళ్లతో చేసినదాన్ని వెనక్కి తిరిగి చూసి గీసినవి. అందువల్ల అవి అబద్ధం కావు గాని, గీసినవారి కంటికి కనబడినంత మేరకే నిజం.

కంటికి కనబడనిదేమిటో సంగీత పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. జెఫ్ టాడ్ టైటన్ 1977లో వెలువరించిన ‘ఎర్లీ డౌన్‌హోమ్ బ్లూస్’ గ్రంథంలో 1920ల నాటి గ్రామీణ బ్లూస్ రికార్డులను స్వరలిపిలోకి మార్చి పరిశీలించి, గాంధార ప్రాంతంలో గాయకులు పలికేది ఒక స్థిర బిందువు కాదని, దగ్గర దగ్గరగా ఉండే శ్రుతుల సముదాయమని చూపాడు. గెర్హార్డ్ కూబిక్ 1999 నాటి ‘ఆఫ్రికా అండ్ ద బ్లూస్’లో ఆ శ్రుతుల మూలాలను పశ్చిమ, మధ్య ఆఫ్రికా పచ్చికబయళ్ల ప్రాంతాల గాన సంప్రదాయాల్లో వెదికాడు. మూలం ఎక్కడిదన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాకపోయినా, సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో పలికే స్వరమే బ్లూస్‌కు ప్రాణమన్న విషయంలో పెద్దగా భేదాభిప్రాయం లేదు. పియానో మీద ఆ స్వరానికి మీట లేదు, గిటార్ మీద ఫ్రెట్ లేదు. ఫ్రెట్లను మాత్రమే చూపగల పటం దాన్ని ‘సి’ అని, అంటే సాధారణ గాంధారమని గుర్తించి ఊరుకుంటుంది.

ఇక పటాల నిర్మాణానికి వస్తే, గిటార్ తీగలు కింది స్థాయి నుంచి పైకి ఇ, ఎ, డి, జి, బి, ఇ అని శ్రుతి చేయబడి ఉంటాయి. పక్కపక్క తీగల మధ్య అయిదు ఫ్రెట్ల దూరం ఉంటుంది. జి, బి తీగల మధ్య మాత్రం నాలుగే. ఆ ఒక్క ఫ్రెట్టు తేడా వల్లనే ఒక జత తీగల మీద నేర్చిన ఆకారం మరో జత మీదికి వెళ్లేసరికి వంకర తిరుగుతుంది. అన్ని తీగల మధ్యా సమదూరం ఉండేలా శ్రుతి చేసుకునే స్టాన్లీ జోర్డాన్ వంటివారికి ఈ వంకర లేదు. ఎ మైనర్‌లో మొదటి బాక్స్ అయిదో ఫ్రెట్ దగ్గర మొదలై ఎనిమిదో ఫ్రెట్ దగ్గర ముగుస్తుంది. కింది ఇ, పై బి, పై ఇ తీగల మీద 5, 8 ఫ్రెట్లు, మిగిలిన మూడు తీగల మీద 5, 7 ఫ్రెట్లు. మంద్ర షడ్జంతో మొదలయ్యే ఈ చట్రం రెండు స్థాయిలు దాటి ఆపై గాంధారం వరకు పోతుంది. రెండో బాక్స్ ఇదే స్వరాలను గాంధారం నుంచి, మూడోది మధ్యమం నుంచి, నాలుగోది పంచమం నుంచి, అయిదోది నిషాదం నుంచి మొదలుపెడతాయి.

ఇక్కడ గ్రహభేదం గుర్తుకు రావడం సహజం. మోహన స్వరాల్లో రిషభాన్ని షడ్జంగా భావిస్తే మధ్యమావతి, గాంధారాన్ని భావిస్తే హిందోళం, పంచమాన్ని భావిస్తే శుద్ధ సావేరి, ధైవతాన్ని భావిస్తే శుద్ధ ధన్యాసి పుట్టుకొస్తాయి. అయిదు బాక్సులను ఒక్కొక్కటిగా వాటి అట్టడుగు స్వరం నుంచి పై స్వరం దాకా వాయిస్తూ పోయే విద్యార్థి చెవికి తెలియకుండానే జరిగేది ఇదే: రెండో బాక్సును ‘సి’ నుంచి మొదలుపెట్టి వాయించినప్పుడు వినబడేది ఎ మైనర్ కాదు, సి మేజర్ పెంటటానిక్, అంటే మోహనం. బ్లూస్‌లో బాక్స్ మారినా షడ్జం మారకూడదు. బాక్సులను వరుసగా నేర్పే పుస్తకాలు చాలావరకు ఈ ప్రమాదాన్ని హెచ్చరించకుండానే దాటిపోతాయి. దానికి మందు కష్టమైనదేమీ కాదు. ప్రతి బాక్సులోనూ ముందుగా షడ్జాలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తించి, ఆరోహణను అక్కడి నుంచే మొదలుపెట్టి అక్కడికే చేర్చడం, వెనుక ఎ శ్రుతిని తంబురా లాగా నిలిపి ఉంచడం సరిపోతుంది.

బాక్సులను ఒకదానితో ఒకటి కలపడానికి ‘కేజ్డ్’ అనే పద్ధతి ఒకటి వాడుకలో ఉంది. సి, ఎ, జి, ఇ, డి అనే అయిదు ప్రాథమిక కార్డుల ఆకారాలు మెడ పొడవునా ఒకదాని వెనుక ఒకటి తిరిగి తిరిగి వస్తాయని, ప్రతి బాక్సూ వాటిలో ఒకదానికి అంటిపెట్టుకుని ఉంటుందని ఇది చెబుతుంది. దీనికి పోటీగా, ఒకే తీగ మీద స్కేల్‌ను మెడ చివరి వరకు నేర్చుకోవాలనే వాదం ఉంది. వీణ మెట్ల మీద వేళ్లు నడిచే తీరుకు దగ్గరగా ఉండే ఈ రెండో మార్గంలో స్వరానికీ స్వరానికీ మధ్య దూరం కంటికీ చెవికీ ఒకేసారి తెలుస్తుంది. వేగం మాత్రం ఆలస్యంగా వస్తుంది. రెండింటినీ కలిపి నేర్చుకోమనే సలహా ఉచితంగా దొరుకుతుంది గాని, బ్లూస్‌కు సంబంధించినంత వరకు ఈ వివాదం పక్కదారి పట్టినదనే చెప్పాలి. మెడ అంతా తెలియడం వేరు, ఏ క్షణాన ఏ గాంధారం పలకాలో తెలియడం వేరు.

ఆ రెండోది అర్థం కావాలంటే పన్నెండు బార్ల బ్లూస్ నిర్మాణాన్ని చూడాలి. నాలుగు మాత్రల బార్లు పన్నెండు కలిస్తే ఒక ఆవృతి. ఎ శ్రుతిలో మొదటి నాలుగు బార్లు ఎ7 కార్డు, అయిదు, ఆరు బార్లు డి7, ఏడు, ఎనిమిది మళ్లీ ఎ7, తొమ్మిదో బార్ ఇ7, పదోది డి7, చివరి రెండు ఎ7 అన్నది దీని సాధారణ రూపం. ఎ7 కార్డులో ఉన్న స్వరాలు ఎ, సి షార్ప్, ఇ, జి. అంటే అందులో ఉన్నది అంతర గాంధారం. విద్యార్థి బాక్సులో ఉన్నదేమో సాధారణ గాంధారం. పటాన్ని నమ్మి ‘సి’ మీద నిలిచినవాడు ఆవృతిలో సగానికి పైగా కార్డుతో అర్ధస్వరం దూరంలో ఘర్షణ పడుతూ ఉంటాడు. ఘర్షణ ఉండడం తప్పు కాదు, బ్లూస్ కారం అందులోనే ఉంది. ఎంత ఘర్షణ, ఎంతసేపు అన్న ఎంపిక వాయించేవాడిదిగా కాక పటానిదిగా మిగిలిపోవడమే లోపం. విద్వాంసులు ఎ7 మీద ఆ ‘సి’ని పావు స్వరం మేర పైకి లాగి, రెండు గాంధారాల నడుమ వేలాడదీస్తారు, లేదా ‘సి’ని తాకీ తాకగానే ‘సి షార్ప్’కు చేరుస్తారు. అయిదో బార్‌లో డి7 వచ్చినప్పుడు పరిస్థితి తలకిందులవుతుంది: ఆ కార్డు స్వరాలైన డి, ఎఫ్ షార్ప్, ఎ, సి లలో ‘సి’ స్వయంగా ఉంది కాబట్టి ఇప్పుడు దాన్ని లాగకుండా సూటిగా నిలపాలి. నాలుగో బార్ చివర పైకి లాగిన గాంధారం అయిదో బార్ మొదటి మాత్రకు కిందికి దిగితే, తోడు వాద్యం ఏదీ లేకపోయినా కార్డు మారిన సంగతి శ్రోతకు తెలిసిపోతుంది.

ఈ ఒక్క కదలికను నేర్పని పాఠక్రమం అయిదు బాక్సులు నేర్పినా పునాది వదిలి గోడ కట్టినట్టే. ‘కార్డు స్వరాలను గురిచూసి వాయించాలి’ అనే మరో బోధనా వర్గం ఈ లోటును గుర్తించింది. ఆ వర్గంవారు ప్రతి కార్డుకూ దాని నాలుగు స్వరాలను మెడ మీద వెదికించి, వాటి మీద వాక్యాలు ముగించమంటారు. ఈ శిక్షణ చెవికి పదును పెడుతుంది గాని, ప్రతి కార్డుకూ స్కేల్ మార్చేంత దూరం పోతే సోలో జాజ్ వైపు జరిగిపోతుంది. బ్లూస్‌కు షడ్జం మీద మొండి పట్టు ఎక్కువ. కార్డులు కింద మారుతున్నా అవే అయిదు స్వరాల మీద నిలబడి, గాంధారాన్ని మాత్రం సందర్భానుసారంగా వంచడం ఆ మొండి పట్టుకు తగిన పద్ధతి. తొమ్మిదో బార్‌లో ఇ7 వచ్చినప్పుడు ‘జి షార్ప్’, అంటే కాకలి నిషాదం, కార్డులో ఉన్నా దాన్ని పెద్దగా పట్టించుకోకుండా ‘ఇ’ మీదనో ‘డి’ మీదనో నడిచిపోయే విద్వాంసులు చాలామంది.

గాంధారాన్ని వంచే సాధనం బెండ్. అంటే ఫ్రెట్ మీద నొక్కి పట్టిన తీగను అడ్డంగా తోసి దాని శ్రుతిని పెంచడం. వీణలో తీగను పక్కకు లాగి గమకం పలికించడానికీ దీనికీ యాంత్రికంగా భేదం లేదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక గమకాలను సాధించినదీ తీగను లాగే ఈ ఉపాయంతోనే, ఆయన పక్కన గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్ కూర్చుని వాయించినప్పుడు ఇద్దరి వేళ్లూ ఒకే పని చేశాయి. బెండ్ అభ్యాసానికి బాక్సులోనే కొలబద్ద ఉంది. జి తీగ ఏడో ఫ్రెట్ మీది ‘డి’ని లాగితే రావలసిన ‘ఇ’, బి తీగ అయిదో ఫ్రెట్ మీద సిద్ధంగా ఉంటుంది. ముందు ఆ ‘ఇ’ని మోగించి, తరువాత లాగిన స్వరాన్ని దానితో సరిపోల్చుకుంటూ పోతే చెవి మోసపోదు. గాంధారపు పావు స్వరానికి మాత్రం ఇటువంటి కొలబద్ద లేదు, గాయకుల గొంతులే దానికి ప్రమాణం. పై ఇ తీగ ఎనిమిదో ఫ్రెట్ మీద, జి తీగ అయిదో ఫ్రెట్ మీద దొరికే రెండు ‘సి’లను అతి కొద్దిగా, వినీ వినబడనంతగా లాగడం నేర్చుకోవడానికి, పూర్తి స్వరం లాగడం కంటే ఎక్కువ కాలం పడుతుంది.

ఎడమచేతి వాటమున్న ఆల్బర్ట్ కింగ్ కుడిచేతి గిటార్‌ను తీగల వరుస మార్చకుండా తిప్పి పట్టుకున్నాడు. సన్న తీగలు పైకి రావడంతో ఇతరులు పైకి తోసే తీగలను ఆయన బలంగా కిందికి లాగగలిగాడు. 1967 నాటి ‘బోర్న్ అండర్ ఎ బ్యాడ్ సైన్’ ఆల్బమ్‌లోని సోలోలలో వాడిన చోట్లను లెక్కిస్తే చాలా తక్కువ. రెండో బాక్సు పై భాగంలోని నాలుగైదు చోట్ల నుంచే ఆయన పలికించిన శ్రుతులు మాత్రం లెక్కకు అందవు. బి.బి. కింగ్ దారి వేరు. బంధువైన బుకా వైట్ స్లైడ్‌తో తీసే నాదం తనకు పట్టుబడక, దాన్ని వేలితో అనుకరించబోయి, తీగను సన్నగా వణికించే తన వైబ్రాటోను సాధించానని ఆయన చెప్పుకున్నాడు. ఆయన పేరుతో పిలిచే చిన్న బాక్స్ ఎ శ్రుతిలో బి తీగ పదో ఫ్రెట్ మీది షడ్జం చుట్టూ ఉంటుంది. దానిలో అదే తీగ పన్నెండో ఫ్రెట్ మీద ‘బి’, అంటే చతుశ్రుతి రిషభం ఉంది, గాంధారానికి వేరే చోటు వెదకనక్కరలేదు. ఆ రిషభాన్ని అర్ధస్వరం లాగితే సాధారణ గాంధారం, పూర్తి స్వరం లాగితే అంతర గాంధారం, నడుమ ఆపితే బ్లూస్ గాంధారం. మూడింటికీ ఒకే ఫ్రెట్. భేదమంతా వేలి బలంలోనే ఉంది. పన్నెండు చోట్ల మొదటి బాక్సు కంటే అయిదారు చోట్ల ఈ చిన్న బాక్సు బ్లూస్‌కు ఎక్కువ సత్యమైన పటమని చెప్పడానికి సంకోచించనక్కరలేదు. అయినా బోధనలో ఇది ‘అదనపు అంశం’గా చివరకు వస్తుండడం విచిత్రం.

ఈ బాక్సులో రిషభంతో పాటు జి తీగ పదకొండో ఫ్రెట్ మీది ధైవతమూ ఉంది కాబట్టి, ఇది మైనర్, మేజర్ పెంటటానిక్‌ల కలయికకు కూడా ద్వారం. మొదటి బాక్సు ఆకారాన్ని ఉన్నదున్నట్టుగా మూడు ఫ్రెట్లు కిందికి జరిపితే ఎ మేజర్ పెంటటానిక్ వస్తుందన్న చిట్కా అందరికీ తెలిసినదే. ఎ7 మీద మేజర్, డి7 మీద మైనర్ అన్న సూత్రం ప్రారంభానికి మంచిదే, ఎందుకంటే మేజర్ పెంటటానిక్‌లోని ‘సి షార్ప్’ డి7లోని ‘సి’తో పోట్లాడుతుంది. ఇదీ గాంధారం కథే. ‘బ్లూస్ స్కేల్’ పేరుతో మైనర్ పెంటటానిక్‌కు చేర్చే ఆరో స్వరమైన ప్రతిమధ్యమం గురించి పుస్తకాలు విపులంగా రాస్తాయి గాని, అది శుద్ధ మధ్యమానికీ పంచమానికీ మధ్య జారిపోయే మెట్టుగానే ఎక్కువగా వినబడుతుంది.

స్వరస్థానాల చర్చలో లయ మరుగునపడడం ఈ బోధనా సాహిత్యమంతటా ఉన్న లోపం. షఫుల్ అనే బ్లూస్ నడకలో ఒక్కొక్క మాత్ర మూడు భాగాలై, మొదటి రెండు భాగాలు కలిసి పొడవు స్వరంగా, మూడోది పొట్టి స్వరంగా పలుకుతాయి. తిశ్ర నడక తెలిసినవారికి ఇది వెంటనే పట్టుబడుతుంది. పన్నెండు బార్ల ఆవృతిలో గాయకుడు ఒక పాదాన్ని పాడి, దాన్నే మళ్లీ పాడి, మూడో పాదంతో ముగిస్తాడు. ప్రతి పాదానికీ దక్కిన నాలుగు బార్లలో గొంతు దాదాపు సగం తీసుకుంటే మిగిలిన సగంలో గిటార్ బదులు చెబుతుంది. సోలోలో కూడా ఈ ప్రశ్నోత్తరాల అమరిక కొనసాగాలి. బాక్సును పైకీ కిందికీ ఆపకుండా వాయించే అలవాటు ప్రశ్నకూ బదులుకూ నడుమ ఉండవలసిన విరామాన్ని మింగేస్తుంది.

మూడో బోధనా వర్గం పటాలను పక్కనపెట్టి, విద్వాంసుల వాక్యాలను, వాడుకలో లిక్కులు అని పిలిచేవాటిని, రికార్డుల నుంచి చెవితో ఎత్తి వాయించమంటుంది. ఈ మార్గానికి ఊతమిచ్చే పరిశోధనలు ఉన్నాయి: మౌఖిక కథాగాయకులు సిద్ధంగా ఉన్న పదబంధాలను కూర్చుకుంటూ అప్పటికప్పుడు కావ్యం అల్లుతారని ఆల్బర్ట్ లార్డ్ 1960లో ‘ద సింగర్ ఆఫ్ టేల్స్’లో ప్రతిపాదించాడు; థామస్ ఓవెన్స్ 1974లో జాజ్ విద్వాంసుడు చార్లీ పార్కర్ సోలోలను విశ్లేషించి, అవి సుమారు వంద చిన్న స్వరబంధాల పునఃసంయోజనమని చూపాడు. కర్ణాటక సంగీత శిక్షణకు ఇది పాత సంగతే. మోహనం నేర్చుకునే పిల్లలకు ఆరోహణావరోహణలు చెప్పి వదిలేయక ‘వరవీణా’ గీతం నేర్పుతారు, ఆపై వర్ణాలు, కృతులు. రాగ సంచారాలు వాటి ద్వారా చెవికి ఎక్కిన తరువాతనే కల్పన స్వరాల వంతు. ఆ వరుసను తిరగేసి, స్కేల్ ఇచ్చి వెంటనే కల్పన చేయమనే విడ్డూరం బ్లూస్ పాఠాలలో తరచు కనిపిస్తుంది. అయితే లిక్కుల వర్గానికీ ఒక బలహీనత ఉంది: మొదటి బాక్సు కూడా తెలియని విద్యార్థికి చెవిన పడ్డ స్వరాన్ని మెడ మీద వెదకడానికి గంటలు పడుతుంది, ఓపిక అంతవరకు నిలవదు. ఒక బాక్సు, దానిలోని షడ్జాలు, రెండు గాంధారాలు తెలిసిన తరువాత లిక్కులకు పోవడం, మిగిలిన బాక్సులను ఆ లిక్కులు ఎటు తీసుకుపోతే అటు నేర్చుకోవడం సరైన వరుస.

అభ్యాసపు అమరికపై మనస్తత్వ శాస్త్రం నుంచి వచ్చిన ఒక ఫలితం ఇక్కడ ప్రస్తావించదగింది. షియా, మోర్గన్ 1979లో చేతి కదలికల మీద చేసిన ప్రయోగంలో, ఒకే కదలికను వరుసగా సాధన చేసినవారు ఆ సమయంలో మెరుగ్గా కనిపించినా, కదలికలను కలగాపులగంగా సాధన చేసినవారికి తరువాతి పరీక్షలో ఎక్కువ గుర్తున్నాయి. సంగీతానికి దీన్ని అక్షరాలా అన్వయించడం తొందరపాటే; ఐనా ఒక బాక్సును అరగంట పాటు రుబ్బడం కంటే, అదే అరగంటలో ఒక బెండ్, ఒక లిక్, రెండు ఆవృతుల సోలో మారుస్తూ పోవడం మంచిదన్న గురువుల అనుభవానికి ఇది కొంత బలమిస్తుంది.

బాక్సు పటం దాదాపు చెప్పినంత నిజమయ్యే చోటు ఒకటి ఉంది: మైనర్ బ్లూస్. బి.బి. కింగ్ 1969లో విడుదల చేసిన ‘ద థ్రిల్ ఈజ్ గాన్’ బి మైనర్‌లో నడుస్తుంది. మూల కార్డులోనే సాధారణ గాంధారం ఉండడంతో ఇంతవరకు చర్చించిన తగాదా మాయమవుతుంది, బి మైనర్ పెంటటానిక్ స్వరాలైన బి, డి, ఇ, ఎఫ్ షార్ప్, ఎ మొదటి ఎనిమిది బార్లలో ఎక్కడ నిలిచినా ఇబ్బంది లేదు. కొత్త విద్యార్థికి ఈ రూపాన్నే ముందుగా ఇస్తే పటానికీ చెవికీ మొదటి రోజుల్లోనే వైరం రాదు. అక్కడ కూడా పదో బార్‌లో ఎఫ్ షార్ప్ 7 కార్డు వచ్చేసరికి దానిలోని ‘ఎ షార్ప్’కూ స్కేల్‌లోని ‘ఎ’కూ మధ్య అదే అర్ధస్వరపు పేచీ తలెత్తుతుంది, ఈసారి పటం సగం చెప్పి వదిలేసిన స్వరం గాంధారం కాదు, నిషాదం.